మోడల్ డేటా పక్కన పెట్టి, ముందు పాత నష్టాల ఫైళ్లు తెరవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. దేశం తరఫున ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందానికి పంపే నివేదికలో దుర్బలత్వం, అడాప్టేషన్ (మారే వాతావరణానికి సర్దుకోవడం) అధ్యాయం రాసే బృందంలో మిమ్మల్ని వేశారు. పద్దెనిమిది నెలల గడువు. ప్రపంచ వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే గ్లోబల్ మోడళ్ల డేటా ఇప్పటికే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నారు. దుర్బలత్వానికి ఏ ఇండెక్స్ వాడాలి, ఏ సినేరియో (ఉద్గారాలు ముందుముందు ఎలా ఉంటాయన్న ఊహాచిత్రం) తీసుకోవాలి, లెక్కలు 2050కి వేయాలా 2100కా, చివర్లో అడాప్టేషన్ చర్యలు ఎలా ఎంచుకోవాలి అని అడిగారు. డేటా ఇంత ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు.

ఈ పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. వేర్వేరు దేశాల బృందాలతో కూర్చున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: ఆ డేటాను ఓ ఆరు నెలలు ముట్టుకోకండి. అది పనికిరాదని కాదు. దానితో మొదలుపెడితే మీ పద్దెనిమిది నెలల్లో పన్నెండు దానికే ఖర్చయిపోతాయి. మనుషుల గురించి, నిర్ణయాల గురించి ఆలోచించడానికి చివరి కొద్ది నెలలే మిగులుతాయి. ఇది ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

ఇలా జరగడానికి ఒక చరిత్ర ఉంది. 1994లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం, ఇచ్చిన సాంకేతిక మార్గదర్శకాల్లో పని ఏడు మెట్లుగా ఉండేది. సమస్య నిర్వచించు, పద్ధతి ఎంచుకో, పరీక్షించు, వాతావరణ సినేరియో తీసుకో, దాని ప్రభావం లెక్కగట్టు, ఇలా సాగి అడాప్టేషన్ ఆఖరి మెట్టు మీదికి వచ్చేది. ఆ రోజుల్లో దేశాల మొదటి నివేదికలు చాలావరకు అలాగే తయారయ్యాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే శతాబ్దం చివరికి ఫలానా పంట దిగుబడి ఇంత శాతం పడిపోతుంది అని పట్టికలకు పట్టికలు వేసేవారు. ఆ పట్టిక చేతికి వచ్చిన వ్యవసాయ శాఖ అధికారి అడిగేది ఒక్కటే: "సరే, వచ్చే బడ్జెట్లో నేను ఏం మార్చాలి?" దానికి పట్టికలో జవాబు ఉండేది కాదు. 2001లో మరకేష్ వాతావరణ సమావేశం బాగా వెనకబడిన దేశాల కోసం జాతీయ అడాప్టేషన్ కార్యాచరణ కార్యక్రమాలు మొదలుపెట్టినప్పుడు ఈ వరస తిరగబడింది. ఇప్పటికే ఏ ముప్పు ప్రజలను కొడుతోంది, వాళ్లు ఎలా తట్టుకుంటున్నారు, వెంటనే చేయాల్సినది ఏమిటి అన్న చోట మొదలుపెట్టమన్నారు. 2004లో మారిటేనియా మొట్టమొదట తన పత్రం ఇచ్చింది. ఆ పత్రాలకూ లోపాలున్నాయి. చాలావరకు ప్రాజెక్టుల చిట్టాలుగా మిగిలిపోయాయి. అయినా మొదలుపెట్టిన చోటు మాత్రం సరైనదే.

కాబట్టి మీరూ రెండు కాగితాలతో మొదలుపెట్టండి. ఒకదాని మీద గత ముప్పై నలభై ఏళ్లలో దేశాన్ని కొట్టిన వరదలు, కరువులు, తుపాన్లు, వడగాలులు రాయండి. ప్రతిదానికీ ఎవరు చనిపోయారు, ఏం పోయింది, కోలుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది అన్నది పక్కన ఉండాలి. రెండో కాగితం మీద రాబోయే పదేళ్లలో ప్రభుత్వం తీసుకోబోయే పెద్ద నిర్ణయాలు రాయండి. ఎక్కడ డ్యామ్ కడతారు, ఏ నగరానికి డ్రైనేజీ వేస్తారు, పంట బీమా ఎలా మారుస్తారు, కొత్త ఆస్పత్రులు ఎక్కడ వస్తాయి. మీ అధ్యయనం ఈ రెండు కాగితాల మధ్య వంతెన. ఏ నిర్ణయాన్నీ తాకని విశ్లేషణ ఎంత బాగున్నా ముందే వదిలేయండి.

ఇక మాటల దగ్గర వచ్చే గందరగోళం. మీ బృందంలో సగం మంది 2007 నాటి ఐపీసీసీ నాలుగో నివేదిక చదివి ఉంటారు, సగం మంది 2014 నాటి ఐదోది. మొదటి వాళ్ల లెక్కలో దుర్బలత్వం అంటే మూడు కలిసినది: ముప్పుకు ఎంత ఎదురుగా ఉన్నాం, తగిలితే ఎంత దెబ్బతింటాం, సర్దుకునే శక్తి ఎంత. రెండో వాళ్ల లెక్కలో రిస్క్ పెద్ద మాట. ముప్పు, ఎదురుగా ఉండటం, దుర్బలత్వం అనే మూడూ కలిస్తే రిస్క్. దుర్బలత్వంలో దెబ్బతినే గుణం, తట్టుకునే శక్తి మాత్రమే మిగిలాయి. వాతావరణం అందులోంచి బయటికి వెళ్లింది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ ఒకే మీటింగులో ఒకరు పాత అర్థంతో, ఇంకొకరు కొత్త అర్థంతో మాట్లాడుతుంటే రెండు వేర్వేరు మ్యాపులు తయారవుతాయి. ఒక బృందంలో దీని మీద నాలుగు నెలలు పోయాయి. మొదటి వారంలోనే కూర్చుని ఏ అర్థం వాడతారో తేల్చుకుని, ఒక పేజీ రాసి గోడకు అంటించుకోండి. నన్నడిగితే కొత్తదే మేలు. వాతావరణం మన చేతిలో లేని భాగం, దుర్బలత్వం మన చేతిలో ఉన్న భాగం అని అది విడదీసి చూపిస్తుంది.

ఆ విడదీతకు ఎంత విలువ ఉందో బంగ్లాదేశ్ తుపాన్లు చెప్తాయి. 1970 నవంబరు భోలా తుపానులో కనీసం 3 లక్షల మంది చనిపోయారు. 1991 ఏప్రిల్ తుపానులో సుమారు 1,38,000 మంది. 2007లో సిడ్ర్ వచ్చినప్పుడు సుమారు 3,400 మంది. సిడ్ర్ బలహీనమైన తుపాను కాదు, చాలా తీవ్రమైనది. తీరంలో జనాభా ఈలోగా బాగా పెరిగింది కూడా. ముప్పు తగ్గలేదు, ఎదురుగా ఉన్నవాళ్లు తగ్గలేదు. చావులు మాత్రం వందో వంతుకు పడిపోయాయి. మారినదల్లా దుర్బలత్వం. 1970ల మొదట్లో పెట్టిన తుపాను సన్నద్ధత కార్యక్రమం వలంటీర్లు మెగాఫోన్లు పట్టుకుని ఊరూరా తిరిగారు, జెండాలు ఎగరేశారు. 1991 తర్వాత షెల్టర్లు పెరిగాయి, వాటికి దారులు పడ్డాయి. ఇవేవీ పెద్ద టెక్నాలజీ కావు.

అందులోనే ఇంకో పాఠం ఉంది, దాన్ని దాటి పోవద్దు. 1991లో చనిపోయినవాళ్లలో మగవాళ్లకంటే ఆడవాళ్లు చాలా ఎక్కువ. హెచ్చరిక ఇంటిదాకా చేరకపోవడం, పిల్లలనీ ఇంటినీ వదిలి కదలలేకపోవడం, షెల్టర్లో మగవాళ్ల మధ్య ఒకే గదిలో ఉండటానికి జంకడం, ఇలా కారణాలు చాలా. తర్వాత వలంటీర్లలో ఆడవాళ్లను పెంచడం, షెల్టర్లలో వాళ్లకు విడిగా చోటివ్వడం జరిగింది. ఒక జిల్లాకు ఒకే దుర్బలత్వ అంకె ఇచ్చి ఊరుకుంటే ఇదంతా ఆ అంకె కింద కప్పబడిపోతుంది.

డబ్బున్న దేశం భద్రమైన దేశం అనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. 2003 ఆగస్టు వడగాలులకు ఫ్రాన్సులో సుమారు 15,000 మంది చనిపోయారు. మంచి ఆస్పత్రులు, మంచి రోడ్లు, మంచి ఆదాయం ఉన్న దేశం అది. పోయినవాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. ఒంటరిగా, పై అంతస్తుల్లో, కప్పు కింద ఉడికిపోయే గదుల్లో ఉన్నవాళ్లు ఎందరో. కుటుంబాలు, డాక్టర్లు సెలవుల మీద వెళ్లిన నెల అది. తలసరి ఆదాయాన్ని తట్టుకునే శక్తికి కొలమానంగా పెట్టుకుంటే ఆ గదులు ఏ మ్యాపులోనూ కనిపించవు. ఆ తర్వాత ఫ్రాన్సు చేసినది చూడండి: ఒంటరి వృద్ధుల పేర్లు మునిసిపాలిటీలు రిజిస్టర్లో రాసుకుని, వేడి ముదిరినప్పుడు ఫోన్ చేసి పలకరించే ఏర్పాటు. దుర్బలత్వాన్ని అసలైన చోట గుర్తిస్తే పరిష్కారం ఎంత మామూలుగా ఉంటుందో గమనించండి.

ఇక డేటా. ఇక్కడ మాత్రం నేను ఆగి వివరంగా చెప్పాలి. నివేదికలు కూలిపోయేది ఇక్కడే, అదీ ఎవరికీ తెలియకుండా.

ఒక దేశంలో కరువు మ్యాపు వేస్తున్నాం. లోతట్టున ఒక జిల్లా 1990ల చివర్లో ముదురు ఎరుపులో వచ్చింది. వరసగా మూడేళ్లు భయంకరమైన కరువు అని లెక్క చెప్తోంది. ఆ జిల్లా నుంచి వచ్చిన ఒక వ్యవసాయ అధికారి మాత్రం అలాంటిదేమీ లేదు, ఆ ఏళ్లలో పంటలు బాగానే పండాయన్నాడు. లెక్క మళ్లీ చేశాం, అదే ఎరుపు. చివరికి ఇద్దరం కలిసి ఆ స్టేషన్ పాత రిజిస్టర్లు తీయించాం. దుమ్ము పట్టిన పొడవాటి పుస్తకాలు. రోజుకో గీత, గీతకో అంకె, పక్కన పొడి అక్షరాల్లో సంతకం. ఒక నెల మధ్యలో సంతకం ఆగిపోయింది. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. కొలిచే మనిషి రిటైరయ్యాడు, ఆ పోస్టు మూడేళ్లు నింపలేదు. ఆ పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఖాళీ గళ్లలో సున్నా కొట్టారు. వాన కొలవని రోజు వాన పడని రోజుగా మారిపోయింది. ఆ ఎరుపు రంగు కరువు కాదు, ఖాళీగా ఉన్న ఒక కుర్చీ. ఆ మ్యాపు అలాగే అచ్చయి ఉంటే నిధులు అటు వెళ్లేవి, నిజంగా ఎండిన జిల్లాకు వెళ్లాల్సినవి.

అందుకే చెప్తున్నాను, వర్షపాతం డేటాతో పనిచేసే మనిషి కనీసం పది స్టేషన్ల అసలు రిజిస్టర్లు చేతిలోకి తీసుకుని చూడాలి. స్టేషన్ ఎప్పుడు చోటు మారింది, చుట్టూ భవనాలు ఎప్పుడు లేచాయి, పరికరం ఎప్పుడు మార్చారు అన్నవి రాసుకోవాలి. వాతావరణ సగటుకు ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పినట్టు ముప్పై ఏళ్లు తీసుకోండి, ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020. పదేళ్ల వానను చూసి ట్రెండ్ అనకండి.

ఏడాది మొత్తం వానతో కూడా సరిపెట్టుకోవద్దు. మొత్తం ఎంత పడిందన్నది లెక్కల పుస్తకానికి కావాలి. రైతుకు కావాల్సింది ఎప్పుడు పడింది, మధ్యలో ఎన్నాళ్లు ఆగింది, చివరి వాన ఎప్పుడు అన్నవి. మొత్తం మారకుండానే విత్తనం వేశాక ఇరవై రోజులు ఎండ కాస్తే పంట పోతుంది. నగరాల డ్రైనేజీ ఇంజనీరుకు కావాల్సింది గంటలో ఎంత పడుతుందన్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అందుకే కుండపోతలు ముదురుతాయి. పాత కుండపోతల లెక్కతో వేసిన పైపులు కొత్త వానకు చాలవు. ఒకే వానను ముగ్గురు మూడు రకాలుగా అడుగుతారు. ఎవరి ప్రశ్నకు జవాబిస్తున్నారో ముందు తేల్చుకోండి.

ఇండెక్స్ సంగతికి వస్తాను. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం వేసే ఇండెక్స్ లాంటివి దేశాన్ని దేశంతో పోల్చడానికి తయారైనవి. ఆహారం, నీరు, ఆరోగ్యం, జీవావరణ సేవలు, నివాసం, మౌలిక వసతులు అనే ఆరు రంగాల్లో దుర్బలత్వాన్ని చూస్తుంది, సిద్ధంగా ఉండటాన్ని విడిగా లెక్కిస్తుంది. ముందుమాటలో ఒక వాక్యానికి అది పనికొస్తుంది. మీ దేశంలో ఏ మండలానికి ముందు వెళ్లాలో చెప్పడానికి పనికిరాదు.

మీరే సొంతంగా ఇండెక్స్ కట్టుకున్నా ఒక పరీక్ష పెట్టండి. ఇరవై సూచికలు తీసుకుని అన్నిటికీ సమాన బరువు ఇచ్చి ర్యాంకులు వేయండి. తర్వాత బరువులు కొంచెం అటూ ఇటూ మార్చి మళ్లీ వేయండి. మొదటి పది జిల్లాల్లో ఎన్ని మిగిలాయో చూడండి. సగం మారిపోతే ఆ ర్యాంకులు నేల మీది సంగతి చెప్పడం లేదు, మీరు ఇచ్చిన బరువుల సంగతే చెప్తున్నాయి. ఆ మాట నివేదికలో దాచకుండా రాయండి. ఒక్క అంకెగా కలిపేసినప్పుడు ఒక బలం ఇంకో బలహీనతను పూడ్చేస్తుందన్నది ఇంకో చిక్కు. అక్షరాస్యత బాగుంది కాబట్టి తాగునీరు లేకపోయినా సగటున ఫర్వాలేదు అన్న అర్థం వస్తుంది. దాహానికి సగటు ఉండదు.

ఇండెక్స్ బదులు నేను ఎక్కువగా వాడేది ప్రభావ గొలుసులు. జర్మనీ అంతర్జాతీయ సహకార సంస్థ జీఐజెడ్ 2014లో తెచ్చిన దుర్బలత్వ మార్గదర్శక గ్రంథంలో ఈ పద్ధతిని వివరంగా చెప్పారు. ఏదీ పెద్ద విద్య కాదు. గోడ మీద ఒక పెద్ద కాగితం పెట్టి, రాత్రి ఉష్ణోగ్రతలు పెరిగాయి అన్న దగ్గర మొదలుపెట్టి, దానివల్ల నిద్ర లేకపోవడం, పగలు పనిలో ప్రమాదాలు, దినసరి కూలి పోవడం, అప్పు, పిల్లల చదువు మానడం, ఇలా బాణాలు గీసుకుంటూ వెళ్లండి. ప్రతి బాణం దగ్గర ఇది ఎవరికి జరుగుతుంది, ఎవరికి జరగదు, ఎందుకు అని అడగండి. ఆ "ఎందుకు"లోనే దుర్బలత్వం ఉంటుంది. నాలుగైదు రంగాలకు మించి ఇలా లోతుగా చేయలేరు. మిగతావాటిని పైపైన చేసి పేజీలు నింపే కంటే, వాటిని ఈసారి చేయలేదని రాయడం నిజాయితీ.

ఊళ్లకు వెళ్లండి. వెళ్లినప్పుడు ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. ఒక నదీముఖ ద్వీపంలో ఊరి పెద్దలంతా ముప్పు అంటే వరద అన్నారు. ఎక్కడిదాకా నీళ్లొచ్చాయో స్తంభాల మీద గీతలు చూపించారు. మధ్యాహ్నం ఆడవాళ్లతో కూర్చుంటే వాళ్లలో ఒక్కరూ వరద మాటే ఎత్తలేదు. ఎండాకాలం మూడు నెలలు బోరు నీళ్లు ఉప్పగా మారుతున్నాయి, అంతకు ముందు ఒక నెలే ఉండేది అన్నారు. బిందె పట్టుకుని ఎంత దూరం నడవాలో ఒకామె చేత్తో చూపించింది, అవతలి ఒడ్డు దాకా. గర్భిణులకు ఆ నీళ్లు పడటం లేదంది. వరదకు సాయం వస్తుంది, ఉప్పునీళ్లకు ఎవరూ రారు. మా మ్యాపులో ఆ ద్వీపానికి తాగునీటి సమస్య లేదని ఉంది, ఎందుకంటే బోర్ల సంఖ్య చాలినంత ఉంది. ఆ సాయంత్రం మా ప్రశ్నపత్రంలో సగం మార్చేశాం. ఊళ్లలో ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా అడగండి: ఏ నెలలో అప్పు చేస్తారు? వానలు, పంట, ఆకలి, రోగం అన్నీ ఆ నెల చుట్టూనే అల్లుకుని ఉంటాయి.

ఇంతవరకూ వచ్చాక, ఇప్పుడు మీ మోడల్ డేటా తెరవండి.

2040 వరకు ఏ సినేరియో తీసుకున్నా పెద్ద తేడా రాదు. ఉద్గారాల దారులు విడిపోయి కనిపించేది శతాబ్దం మధ్య నుంచే. అంతకు ముందు ఏటికేడు వచ్చే సహజమైన హెచ్చుతగ్గులే ఎక్కువ. కాబట్టి పంట బీమా, ముందస్తు హెచ్చరిక, ఆస్పత్రి సన్నద్ధత లాంటి పదిహేనేళ్ల లోపు నిర్ణయాలకు సినేరియోల మీద పోట్లాట అక్కర్లేదు. డ్యామ్, ఓడరేవు, సముద్రపు గోడ లాంటి అరవై, వందేళ్లు నిలిచే కట్టడాలకు మాత్రం తక్కువ సినేరియోనూ, తీవ్రమైనదాన్నీ రెండింటినీ పెట్టి పరీక్షించాలి. 2050నా 2100నా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇదే: కట్టే వస్తువు ఎన్నాళ్లు ఉంటుందో అన్నాళ్లు.

వాన విషయంలో ఒక ఉచ్చు ఉంది. పది మోడళ్లలో ఐదు వాన పెరుగుతుందని, ఐదు తగ్గుతుందని అంటే సగటు తీస్తే మార్పు లేదని వస్తుంది. పదింటిలో ఒక్కటి కూడా ఆ మాట అనలేదు. సగటు చూసి నీటిపారుదల శాఖ ఊపిరి పీల్చుకుంటుంది. కాబట్టి సగటు ఇవ్వకండి. తడి భవిష్యత్తు ఒకటి, పొడి భవిష్యత్తు ఒకటి విడివిడిగా పెట్టి, రెండింటిలోనూ నిలబడేది ఏది అని అడగండి. ఇంకో జాగ్రత్త. కొత్త తరం మోడళ్లలో కొన్ని మరీ ఎక్కువ వేడిని చూపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి 2.5 నుంచి 4 డిగ్రీలు వేడెక్కే అవకాశం ఎక్కువని ఐపీసీసీ 2021లో తేల్చింది, ఈ మోడళ్లు 5 డిగ్రీలు దాటిపోతాయి. అన్నిటినీ కలిపి సగటు తీసే ముందు మీ దగ్గరున్నవి ఏవో చూసుకోండి. మోడల్ పెద్ద గళ్లను ఐదు కిలోమీటర్ల గళ్లకు డౌన్‌స్కేల్ చేసిన, అంటే చిన్నవి చేసిన మ్యాపు చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉంటుంది. గడి చిన్నదైనంత మాత్రాన మనకు కొత్తగా తెలిసింది పెరగదు, అసలు మోడల్ తప్పు చెప్తే ఆ తప్పే సన్నగా కనిపిస్తుంది.

బృందాలు తరచూ మర్చిపోయేది ఒకటుంది. 2050 వాతావరణాన్ని ఈనాటి జనాభా మీద పెట్టి లెక్కగడతారు. అప్పటికి నగరాలు పెరుగుతాయి, వృద్ధులు పెరుగుతారు, కొన్ని ఊళ్లు ఖాళీ అవుతాయి. రిస్క్‌లో చాలా మార్పు వచ్చేది అక్కడి నుంచే.

ఇక అడాప్టేషన్ చర్యల ఎంపిక. ఇక్కడ నాకున్న భయం చర్యలు చాలవని కాదు, వికటిస్తాయని. మళ్లీ బంగ్లాదేశ్‌కే వెళ్తాను. 1960ల నుంచి తీరం వెంట మట్టికట్టలు కట్టి పోల్డర్లు, అంటే చుట్టూ కట్ట ఉన్న పల్లపు భూములు, చేశారు. ఉప్పునీరు ఆగింది, పంట పెరిగింది, మొదట్లో గొప్ప విజయం. కానీ పోటుతో వచ్చే ఒండ్రు అంతకు ముందు పొలాల మీద పరుచుకుని నేలను ఎత్తు పెంచేది. కట్ట కట్టాక ఆ ఒండ్రు బయట నది గర్భంలోనే పేరుకుంది. నది ఎత్తు పెరిగింది, లోపలి నేల కుంగింది. వాన నీరు బయటికి పోయే దారి లేక ఏళ్ల తరబడి పొలాలు నిలవనీటిలో మునిగాయి. చివరికి కొన్ని చోట్ల రైతులే కట్టలు తెంచి పోటును లోపలికి రానిచ్చారు. ఒండ్రు పడి నేల లేచింది. తర్వాత ఇంజనీర్లు ఆ పద్ధతినే పోటు నదుల నిర్వహణ పేరుతో స్వీకరించారు. 2009లో ఐలా తుపానుకు కట్టలు తెగిన పోల్డర్లలో కొన్ని దాదాపు రెండేళ్లు ఆటుపోట్ల కింద ఉండిపోయాయి, లోపలి నేల అంత పల్లమైపోయింది మరి. ఒక ముప్పును ఆపడానికి కట్టినది ముప్పై ఏళ్ల తర్వాత ఏం చేస్తుందని అడిగి ఉంటే కనీసం తూములైనా వేరేగా పెట్టేవారు. మీ జాబితాలో ప్రతి చర్య పక్కనా ఈ ప్రశ్నకు ఒక గడి పెట్టండి: దీనివల్ల భారం ఎవరి మీదికి, ఏ కాలానికి జరుగుతోంది?

మంచి ఎంపిక ఎలా ఉంటుందో భూటాన్‌ను చూడండి. 1994లో లుగ్యే హిమనదీ సరస్సు తెగి 20 మందికి పైగా చనిపోయారు. దాని పక్కనే ఉన్న థోర్థోర్మి సరస్సు కూడా తెగే స్థితిలో ఉందని గుర్తించి, 2006 నాటి జాతీయ కార్యక్రమంలో దాని నీటిమట్టం తగ్గించడాన్ని ముందు వరసలో పెట్టారు. 4,400 మీటర్లకు పైన, రోడ్డు లేని చోటు. యంత్రాలు పోలేవు. కొన్ని వేసవుల పాటు వందల మంది రోజుల తరబడి నడిచి వెళ్లి, గడ్డకట్టే నీళ్లలో నిలబడి, చేతులతో రాళ్లు మోసి కాలువ తవ్వి మట్టాన్ని సుమారు 5 మీటర్లు దించారు. ముప్పు ఏదో తెలుసు, కింద ఎవరున్నారో తెలుసు, చేయగలిగింది తెలుసు. చర్య అంచనా లోంచి నేరుగా వచ్చింది.

పెద్ద కట్టడాల విషయంలో అన్నీ ఇప్పుడే తేల్చేయాలన్న ఒత్తిడికి లొంగకండి. లండన్‌ను కాపాడే థేమ్స్ ముఖద్వారం ప్రణాళిక, 2012లో వచ్చినది, నిర్ణయాలను దారులుగా పెట్టింది. సముద్రమట్టం ఇంత పెరిగితే ఈ పని, అంతకు మించితే ఆ పని, ఏది కట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో దాన్నిబట్టి ఎప్పటిలోగా నిర్ణయించాలి అని. మట్టం పెరిగే వేగాన్ని కొలుస్తూ ఆ తేదీలను ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు. అనిశ్చితి ఉందని చేతులు కట్టుకు కూర్చోవడానికీ, అంతా తెలుసన్నట్టు కోట్లు పోయడానికీ మధ్య ఇది పనికొచ్చే దారి.

ఖర్చు, లాభం లెక్కల దగ్గర మీ మనసు గట్టి చేసుకోవాలి. కాపాడే ఆస్తి విలువనే లాభంగా లెక్కేస్తే ప్రతిసారీ ఖరీదైన కాలనీ ముందు గోడ లేస్తుంది, గుడిసెలకు లెక్క కుదరదు. ప్రాణాలు, కోలుకోవడానికి పట్టే కాలం, కూలి పోయిన రోజులు కూడా పట్టికలో ఉండాలని పట్టుబట్టండి. 2010 నుంచి 2020 మధ్య వరద, కరువు, తుపాన్ల మరణాలు దుర్బలత్వం బాగా తక్కువ ఉన్న ప్రాంతాలకంటే బాగా ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో 15 రెట్లు అని ఐపీసీసీ ఆరో నివేదిక తేల్చింది. మూలిగే నక్క మీద తాటిపండు పడుతున్న లెక్క ఇది. ఆస్తి విలువల పట్టిక దాన్ని చూడలేదు.

కొన్నిటికి అడాప్టేషన్ ఉండదని కూడా రాయాలి. 1.5 డిగ్రీల దగ్గర పగడపు దిబ్బలు 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీల దగ్గర 99 శాతానికి పైగా పోతాయని ఐపీసీసీ 2018లో చెప్పింది. వాటి మీద బతికే తీరప్రాంతానికి శిక్షణా శిబిరాలు పెట్టి సరిపోతుందని రాయకండి. తట్టుకోలేనిది తట్టుకోలేనిదే. ఆ హద్దులు మీ అధ్యాయంలో స్పష్టంగా ఉంటేనే తప్పని నష్టాలకు నిధుల గురించి మీ దేశ ప్రతినిధులు ఆధారంతో మాట్లాడగలరు.

ఈ అధ్యాయం చేరాల్సిన చోటు ఆర్థిక శాఖ. పర్యావరణ శాఖ మనుషులే చదివితే అది అలమరలోకి పోతుంది. బడ్జెట్ తయారుచేసే ఒకరిద్దరిని మొదటి నెల నుంచే కూర్చోబెట్టుకోండి, ముసాయిదా చూపించడానికి కాదు, ప్రశ్నలు వాళ్లతో రాయించడానికి. 2023 దుబాయ్ వాతావరణ సమావేశంలో ఒప్పుకున్న లక్ష్యం ప్రకారం 2030లోగా ప్రతి దేశమూ తన ముప్పులు, ప్రభావాల మీద తాజా అంచనా చేసుకోవాలి. 2027లోగా అన్ని విపత్తులకూ ముందస్తు హెచ్చరిక వ్యవస్థలు ఉండాలి. ఈ తేదీలు మీకు ఆయుధాలు. నిధులు అడిగే ప్రతి చోటా వాడండి.

ఇంకొక్క పని, గడువు దగ్గర పడ్డప్పుడు అందరూ వదిలేసేది. నేను చేరిన ప్రతి బృందానికీ పాత బృందం నుంచి చేతికందింది అచ్చయిన నివేదిక ఒక్కటే. లెక్కలు లేవు, డేటా లేదు, ఎందుకలా చేశారో చెప్పేవాళ్లు లేరు. అంతా మొదటి నుంచి. మీరు అలా వెళ్లిపోకండి. ఆఖరి నెలలో ఒక వారం పూర్తిగా దీనికే పెట్టుకుని, ఫైళ్లన్నీ వాతావరణ శాఖలోనో గణాంకాల శాఖలోనో శాశ్వతంగా ఉండే చోట పెట్టండి. ప్రతి స్టేషనుకూ ఒక పేజీ రాయండి. అందులో ఏ నెలలో గడి ఖాళీగా ఉంది, ఏ నెలలో నిజంగానే వాన సున్నా అన్నది విడివిడిగా ఉండాలి.